గెలవాలా, ఓడాలా

ఆసుపత్రిలో ఉన్న మా పాపతో రోజూ ఓ అరగంట ఆడుకోమని మొదటిసారి ఒకావిడ చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ సరిగ్గా చెప్పలేను. ఆటలంటే పడని మనిషినైతే వేరే మాట. నేను పొదిలి దగ్గర ఓ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని. పిల్లల చేత ఆటలు ఆడించడమే నా ఉద్యోగం.

ఇది నాలుగేళ్ల కిందటి సంగతి. పాపకి అప్పుడు ఏడేళ్లు, రెండో తరగతి. దసరా సెలవులయ్యాక బడికి వెళ్లనని మారాం చేయడం మొదలుపెట్టింది. సాయంత్రాలు నాతో గ్రౌండుకి వచ్చేది కానీ రెండు చుట్లు పరిగెత్తేసరికి కూలబడేది. బద్ధకం అనుకున్నాను. "లే, ఇంకో రౌండు" అని చెయ్యి పట్టుకుని లేపి మరీ పరిగెత్తించాను. మోకాళ్ల కింద కమిలిన మచ్చలు కనిపిస్తే ఖోఖోలో పడి ఉంటుందిలే అన్నాను. జ్వరం వచ్చి తగ్గింది, మళ్లీ వచ్చింది. ఒంగోలు తీసుకెళ్తే అక్కడి డాక్టరు గారు రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివి, "ఇంటికి వెళ్లకండి, ఇటునుంచి ఇటే గుంటూరు వెళ్లండి" అన్నారు.

గుంటూరులో చెప్పారు, బ్లడ్ క్యాన్సరని. పిల్లలకు వచ్చే రకమేననీ, చాలామందికి నయమవుతుందనీ, కాకపోతే వైద్యం రెండేళ్ల పైనే పడుతుందనీ అక్కడి పెద్ద డాక్టరు గారు నెమ్మదిగా వివరించారు. మా ఆవిడ 'నయమవుతుంది' అన్న మాట పట్టుకుంది. నేను 'చాలామందికి' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని, ఒకే మాట విని, ఇద్దరం రెండు వేరే కబుర్లతో బయటికొచ్చాం.

నల్లపాడులో స్టేషనుకి దగ్గరగా ఓ గది తీసుకున్నాం. కొన్నాళ్లు వార్డులో, కొన్నాళ్లు ఆ గదిలో. బడికి సెలవు పెట్టేశాను. పాపకి జుట్టు ఊడింది. ఒక వారం ఆకలని ఏడ్చేది, ఇంకో వారం అన్నం చూస్తేనే వాంతి చేసుకునేది. రక్తంలో కణాలు బాగా తగ్గిపోయిన రోజుల్లో పరిగెత్తకూడదు, గెంతకూడదు, దెబ్బ తగలకూడదు. నాకు ఆ జాబితా కంఠతా వచ్చేసింది. మంచం మీద కాలు ఊపినా, "ఆపమ్మా" అనేవాణ్ణి. రోజుకి ఎన్నిసార్లు అనేవాణ్ణో.

పిల్లల వార్డు చివర చిన్న గది ఒకటి ఉండేది. అందులో చాప, గుడ్డ బొమ్మలు, రంగు పెన్సిళ్లు. వారానికి మూడు రోజులు ఒకావిడ వచ్చేది. యాభై దాటి ఉంటాయి. అంతకుముందు అంగన్‌వాడీ టీచరుగా చేసిందట. పిల్లలు ఆవిణ్ణి ఆటల టీచర్ అనేవాళ్లు. మేం చేరిన రెండో వారంలో ఆవిడే నా దగ్గరకొచ్చి, "మాస్టారూ, పాపతో రోజూ ఓ అరగంట ఏదో ఒకటి ఆడండి. మందులు ఎట్లా వేళకి ఇస్తున్నారో అట్లాగే" అంది.

"ఆడుకోడానికి రాలేదండీ మేం ఇక్కడికి" అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "సరేనండి" అని పక్క మంచం దగ్గరికి వెళ్లింది. నాకు మాత్రం ఆ సాయంత్రమంతా మనసు పాడైపోయింది. ఆవిడ నన్నేదో తప్పు పట్టినట్టు అనిపించింది. ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టే మాటే లేదు.

ఆ తర్వాత వెన్నులో సూది రోజు వచ్చింది. వెన్నెముకలోకి సూది గుచ్చి మందు ఎక్కించాలి. పిల్ల కదలకుండా పక్కకి ముడుచుకుని పడుకోవాలి, ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి. నేను పట్టుకుంటానన్నాను. చక్రాల కుర్చీలో తీసుకెళ్తున్నప్పుడు పాప అడిగింది, "ఏం చేస్తారు నాన్నా?"

"ఏం లేదమ్మా. ఊరికే చూస్తారంతే."

సూది దిగేటప్పుడు పాప అరవలేదు. మెడ తిప్పి నా మొహంలోకి చూసింది. నేను ఒక చేత్తో మెడా, ఒక చేత్తో మోకాళ్లూ నొక్కిపట్టి ఉన్నాను.

ఆ రోజునుంచి తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మతో మాట్లాడేది, నర్సమ్మలతో మాట్లాడేది. నేను దగ్గరికెళ్తే గోడ వైపు తిరిగేది. మా పాస్టరుగారు ఒంగోలు నుంచి వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. ప్రార్థనలో పాప కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆమేన్ అనగానే వదిలేసింది. ఆ రెండు నిమిషాలూ దేవుడి కోసం పట్టుకుందో, నా కోసం పట్టుకుందో తేల్చుకోలేకపోయాను. సూది నొప్పికే పాపకి కోపం వచ్చిందనుకున్నాను. మా ఆవిడని అడిగితే, "చిన్నపిల్ల కదండీ, సర్దుకుంటుంది" అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను ఫ్లాస్కులో వేడినీళ్లు తెస్తూ ఆ ఆటల గది ముందునుంచి వస్తున్నాను. తలుపు సగం తెరిచి ఉంది. చాప మీద మా పాప, ఎదురుగా ఆటల టీచరు. మధ్యలో గుడ్డ బొమ్మ పక్కకి ముడుచుకుని పడుకుని ఉంది. పాప చేతిలో సూది తీసేసిన సిరంజి.

"టీచర్, నువ్వు నాన్నవి. బొమ్మని పట్టుకో."

ఆవిడ పట్టుకుంది.

"అట్లా కాదు, గట్టిగా. ఇప్పుడు బొమ్మ అడుగుతుంది, ఏం చేస్తారు నాన్నా అని. నువ్వు ఏం లేదమ్మా అనాలి."

"ఏం లేదమ్మా" అంది ఆవిడ.

"ఊరికే చూస్తారంతే అనాలి. నవ్వుతా అనాలి."

"ఊరికే చూస్తారంతే."

పాప బొమ్మ వీపు మీద దూదితో తుడిచింది, సిరంజి ఆనించింది, పది దాకా లెక్కపెట్టింది. తర్వాత బొమ్మ చెవి దగ్గర వంగి చెప్పింది. "నొప్పి పుడుతుంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా పుడుతుంది. తర్వాత తగ్గుతుంది. నేను చెప్పాగా నీకు."

నేను లోపలికి వెళ్లాలో, వెనక్కి తిరగాలో తెలియక ఫ్లాస్కు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చివరికి కిందకి వెళ్లి టీ తాగాను. నాకు టీ అలవాటు లేదు.

ఆ సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "రోజూ ఆడుతుందండీ ఆ ఆట. టీచరు రాని రోజు నాతో ఆడుతుంది. నేను బొమ్మని" అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆపిస్తారని."

నిజమే, ఆపించేవాణ్ణే. కానీ నా భార్యా, నా కూతురూ నాకు తెలియకుండా ఒక ఆట ఆడుకుంటున్నారనీ, అందులో నేను ఉన్నాననీ, నా వేషం ఇంకెవరో వేస్తున్నారనీ తెలిశాక కలిగింది సిగ్గో కోపమో నాకే తెలియలేదు. బొమ్మతో ఆడినంత మాత్రాన పిల్లకి ఏం ఒరుగుతుందో కూడా అర్థం కాలేదు. కాకపోతే రెండోసారి సూది రోజున, తీసుకెళ్లేముందు నేను పాప మంచం దగ్గర కూర్చుని చెప్పాను. "ఈరోజు వీపులో సూది వేస్తారు. నొప్పి పుడుతుంది. పది దాకా లెక్కపెడదాం."

పాప నన్ను కాసేపు చూసి, "పదిహేను దాకా" అంది. తొమ్మిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాటలు అవి. ఇద్దరం లెక్కపెట్టాం. పద్నాలుగు దగ్గర అయిపోయింది. మిగిలిన ఒక్క అంకె కూడా చెప్పేదాకా కదలనివ్వలేదు నన్ను.

ఆ వారమే అష్టాచెమ్మా మొదలైంది. ఆటల టీచరు నాలుగు గవ్వలు ఇచ్చింది. వాటిని రోజూ సబ్బుతో కడిగితేనే మంచం మీదికి రానిస్తామని నర్సమ్మ షరతు పెట్టింది. పాప ఎక్స్‌రే కవరు వెనక స్కెచ్ పెన్నుతో గళ్లు గీసింది. నా కాయలకి చింతపిక్కలు, తన కాయలకి చొక్కా గుండీలు. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఎదుటివాళ్ల కాయ ఉన్న గడిలోకి మన కాయ వెళ్తే దాన్ని చంపినట్టు. అది మళ్లీ మొదటినుంచి రావాలి. ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి పోనివ్వరు.

మొదటిరోజు మూడు ఆటలు ఆడాం. మూడూ ఓడాను. నాకు సంతోషంగా ఉంది, అరగంట మందు ఇచ్చేశాను కదా అని. నాలుగో ఆటలో పాప గవ్వలు నా చేతికివ్వకుండా గుప్పిట్లో పట్టుకుంది.

"ఇందాక నీకు మూడు పడింది నాన్నా. నా గుండీ మూడో గడిలోనే ఉంది. ఎందుకు చంపలేదు?"

"చూసుకోలేదమ్మా."

"చూశావు. వేలు అక్కడ దాకా పెట్టి తీసేశావు. పక్క కాయ జరిపావు."

నేను చింతపిక్కలు సర్దడం మొదలుపెట్టాను.

"నువ్వు ఆడట్లేదు" అంది పాప. "నాకు బాలేదని ఓడిపోతున్నావు." గవ్వలు మంచం మీద పెట్టి పడుకుంది.

మర్నాడు నిజంగా ఆడాను. ఇరవై ఏళ్లుగా ఆటలు ఆడిస్తున్నవాణ్ణి, గెలవడం ఎలాగో తెలుసు. పాప గుండీలు రెండు చంపాను, నా పిక్కలన్నీ పండించాను. పాప వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడిస్తే జ్వరం వచ్చినట్టు మొహమంతా ఎర్రబడింది. మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "ఇదేం మనిషండీ మీరు, జబ్బు పిల్ల మీద గెలుస్తారా?" అంది. నర్సమ్మ కూడా వచ్చి థర్మామీటరు పెట్టింది. వార్డంతా నావైపే చూస్తోంది. నిన్న ఓడితే తప్పయింది, ఇవాళ గెలిస్తే తప్పయింది. కారిడార్లోకి వచ్చి నిలబడి, ఈ ఉద్యోగం ఇన్నేళ్లు ఎలా చేశానా అనుకున్నాను.

సాయంత్రం పాపే కవరు తీసి మంచం మీద పరిచింది. "రా నాన్నా. ఈసారి నేను ముందు" అంది.

అప్పటినుంచి ఎవరు గెలుస్తారో నాకు ముందుగా తెలిసేది కాదు. నా కాయ దొరికినప్పుడల్లా పాప "చంపేశా నాన్నా" అని గట్టిగా అనేది. ఆ మాట అంటే పక్క మంచాల దగ్గర తల్లులు ఒక్కసారి ఇటు చూసేవాళ్లు. మా ఆవిడ ఒకరోజు బతిమాలింది. "చంపేశా అనకమ్మా. ఇంటికి పంపేశా అను."

"ఇంటికి పంపేస్తే బాగైనట్టు కదా. ఇది చంపడమే" అంది పాప. మా ఆవిడ నావైపు చూసింది, ఏదైనా చెప్పండి అన్నట్టు. నేను గవ్వలు ఏరి పాప చేతికిచ్చాను.

మా పక్క మంచం మీద తొమ్మిదేళ్ల అమ్మాయి ఉండేది. చీరాల వాళ్లు. తండ్రి మగ్గం నేస్తాడు. సన్నగా, పొడుగ్గా, అవసరమైతే తప్ప నోరు తెరవని మనిషి. ఆ అమ్మాయి మాకంటే చాలా ముందునుంచి వస్తూ పోతూ ఉంది. ఒకసారి తగ్గి, మళ్లీ తిరగబెట్టిందట. మా పాప, ఆ అమ్మాయి మంచాలు దగ్గరికి జరుపుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్లు. ఆ అమ్మాయికి కూర్చునే ఓపిక లేని రోజున గవ్వలు మా పాపే వేసేది, ఏ కాయ జరపాలో ఆ అమ్మాయి పడుకునే చెప్పేది. చాలాసార్లు తనే గెలిచేది.

ఒక ఉదయం డాక్టరు గారు ఆ అమ్మాయి తల్లిదండ్రులను గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడారు. బయటికొచ్చాక ఆవిడ తిన్నగా మంచం దగ్గరికెళ్లి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఆయన కారిడార్లో నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇంటికి తీసుకెళ్లమన్నారు మాస్టారూ" అన్నాడు. "నొప్పి తెలియకుండా మందులు రాసిచ్చారు. ఇక చేసేదేం లేదన్నారు."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఏదో ఒకటి అనాలి. ప్రార్థన చేస్తామని అందామనుకున్నాను. వాళ్లు హిందువులు, ఏమనుకుంటారో అని ఆగాను. ఆలోపు ఆయనే అన్నాడు.

"నాకు ఆ ఆట నేర్పుతారా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏ ఆట?"

"గవ్వల ఆట. ఇంటికెళ్తే నాతో ఎవరు ఆడతారు నాన్నా అని అడిగింది. నాకు రాదు. చిన్నప్పటినుంచి మగ్గం దగ్గరే ఉన్నాను, ఏ ఆటా రాదు. మధ్యాహ్నం బండి వస్తుంది. ఈలోపు నేర్పండి."

పాప దగ్గర గవ్వలు తెచ్చాను. కారిడార్లో నేల మీద కూర్చున్నాం. గళ్లు ఆయనే గీశాడు. స్కేలు లేకుండా అంత తిన్నగా గీసిన గళ్లు నేను చూడలేదు. నేర్పడం నాకు చేతనైన పనే. ఇది చెమ్మా, ఇది అష్టా అని చెప్తున్నాను. కాయని ఎలా చంపాలో చెప్పాల్సి వచ్చినప్పుడు, 'ఇక్కడికొస్తే ఇది వెనక్కి పోతుంది' అని మాత్రం అన్నాను. ఆయన తల ఊపి, "తెలుసు మాస్టారూ. చంపడం అంటారు. పిల్లలు అంటుంటే విన్నాను" అన్నాడు.

గంటలో వచ్చేసింది ఆయనకి. లేవబోతూ అడిగాడు. "నేను గెలవాలా, ఓడాలా?"

నా దగ్గర సమాధానం ఉండాల్సింది. మా పాప నాకు నేర్పిన పాఠం అదే కదా. కానీ మా పాప ఇంటికి వస్తుంది, రాబోయే ఏడాది ఉంది, ఓడినందుకు ఏడవడానికి తనకి టైముంది. ఆ అమ్మాయి సంగతి వేరు. అట్లా వేరు అనుకోవడం తప్పేమో కూడా.

"నాకు తెలియదండీ" అన్నాను.

గవ్వలు మా పాప ఆ అమ్మాయికిచ్చేసింది. అడగకుండానే ఇచ్చింది. బండి వెళ్లిపోయాక, "మనకి చింతపిక్కలు అరగదీసి ఇస్తావా?" అని అడిగింది. ఆ అమ్మాయి ఎప్పుడొస్తుందని అడగలేదు. అడిగితే నిజమే చెప్పాలని నేను నాలుగు రోజులు సిద్ధంగా ఉన్నాను. అడగలేదు. తెలిసి అడగలేదో, తెలియక అడగలేదో.

నెలన్నర తర్వాత ఆయన ఫోను చేశాడు. అమ్మాయి పోయిందని చెప్పాడు. "ముందురోజు కూడా ఆడాం మాస్టారూ. నేనే గవ్వలు వేశాను. తను కాయలు చెప్పింది" అన్నాడు. ఫోను పెట్టేసేముందు, "ఓడాను" అన్నాడు. కావాలని ఓడాడో, నిజంగా ఓడాడో నేను అడగలేదు. ఆ సాయంత్రం పాపకి చెప్పాను. పాప కొంచెంసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత లేచి ఇడ్లీ అడిగింది. తింటూ ఏడ్చింది. నేను ఏది ఆపాలో తెలియక ఏదీ ఆపలేదు.

మా పాపకి నయమైంది. చెప్పడానికి ఇంత చిన్న మాట. రెండున్నరేళ్లు మందులు వాడాం, ఆపి ఏడాది పైగా అయింది. కొన్ని నెలలకోసారి గుంటూరు వెళ్లి రక్తపరీక్ష చేయించుకొస్తాం. ఇప్పుడు ఆరో తరగతి, నేను పనిచేసే బడే. అష్టాచెమ్మా మాట ఎత్తితే "అది చిన్నపిల్లల ఆట నాన్నా" అంటుంది. బడిలో నన్ను నాన్నా అనదు, సార్ అంటుంది.

మొన్న వేసవిలో చీరాలలో పెళ్లికి వెళ్లాం, నేనూ మా ఆవిడా. ఫోనులో అడ్రసు కనుక్కుని ఆ మగ్గం ఇంటికి వెళ్లాం. ఆయన ఇంట్లో లేడు, నూలు తేవడానికి వెళ్లాడట. ఆవిడ ఉంది. చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. మా పాప ఎలా ఉందో అడిగి, ఫోటో చూపిస్తే చాలాసేపు చూసింది. జుట్టు బాగా పెరిగిందే అంది. ఆయన గురించి చెప్పింది. ఆ నెలన్నరలో మగ్గం ముట్టలేదట. పొద్దున్నే గళ్లు గీసుకుని ఆ అమ్మాయి పక్కన కూర్చునేవాడట. ఇద్దరూ పోట్లాడుకునేవాళ్లట, నవ్వేవాళ్లట. పుట్టినప్పటినుంచీ కూతురితో అంత మాట్లాడింది లేదట.

"మీరు నేర్పారట కదా" అంది.

అవునన్నాను. మంచి పని చేశారంటుందనుకున్నాను, ఒప్పుకుంటాను.

"నేను ఒక్కసారి కూడా ఆడలేదండీ" అంది ఆవిడ. "మందులు నేనే వెయ్యాలి, నోట్లో పుళ్లు నేనే తుడవాలి, జావ నేనే పట్టాలి. వద్దని ఏడుస్తుంటే నోరు నొక్కి వేశాను మాత్రలు. వాళ్ల నాన్న దగ్గర నవ్వేది. నేను వస్తే మొహం ముడుచుకునేది. ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలి కదండీ."

నా మీద కోపంతో అన్న మాట కాదు. కోపం ఉంటే సులువుగా ఉండేది. ఆవిడ గ్లాసులు తీసుకుని లోపలికెళ్లింది. మా ఆవిడ ఆమె వెనకే వెళ్లింది. లోపల ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. చాలాసేపటికి బయటికొచ్చారు. ఆవిడ మా పాపకని ఒక జాకెట్టు ముక్క ఇచ్చింది. మేం సెలవు తీసుకున్నాం.

ఒంగోలు బస్సులో కూర్చున్నాక ఆ తల్లికి నేనేం చెప్పి ఉండాల్సిందని మా ఆవిడని అడిగాను. కిటికీ బయట మిరప చేలు కోతైపోయి ఖాళీగా ఉన్నాయి. ఆమె జాకెట్టు ముక్క మడిచి సంచిలో పెట్టుకుంటూ, తనకీ తెలియదంది.